తిండిబోతు కణాల పందెం

మేము ఉద్యోగాల్లో చేరిన కాలంలో శాస్త్రజ్ఞుడు అనిపించుకోవడానికి రెండు ఉంటే సరిపోయేది, ఒక తెల్లకోటు, ఒక ముక్కుమీది కోపం. కోటు గవర్నమెంటువారు ఇచ్చేవారు. కోపం మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి. నేను కాస్త ఎక్కువే తెచ్చుకున్నాను. ఇరవై మూడేళ్ళ వయసు, మద్రాసులో పుట్టి మద్రాసులోనే పెరిగిన ఒళ్ళు, కాలికి మట్టి అంటితే అది ఏదో కుట్ర అనుకునే మనసు. పైగా మా వీధిలో ఇంట్లో టెలిఫోను ఉన్న ఒకే ఒక కుటుంబం మాది. (నాన్నగారి ఆఫీసువాళ్ళు ఆయన కోసం పెట్టించారు. ఆయనకు అది ఎప్పుడూ దొరికేది కాదు.) ఆ రిసీవరు నా చేతికి ఎప్పుడు అంటుకుందో గాని, ఉప్మాలో ఉప్పు తక్కువైనా ఎవరికో ఒకరికి ఫోను చేసి చెప్పందే నాకు ముద్ద దిగేది కాదు. అలాంటి నన్ను, యాభైల్లో ఒక కరువు ఏడాది, అనంతపురం జిల్లాకు పంపించారు. ఎందుకు పంపించారో ఇప్పుడు ఆలోచిస్తే, మా పరిశోధనాలయంలో నెల రోజులైనా ప్రశాంతంగా ఉండాలని మిగతావాళ్ళంతా కలిసి మొక్కుకున్నారేమో అని అనుమానం.

నా పని మాక్రోఫేజ్‌ల మీద. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మన ఒంట్లోకి క్రిమి దూరినా, మసి దూరినా, ముల్లుముక్క దూరినా, వెళ్ళి చుట్టేసి మింగేసే పెద్ద కణం ఒకటి ఉంటుంది. దాని చిన్నతనం రక్తంలో తిరుగుతూ గడుస్తుంది, పెద్దయ్యాక ఏ కాలేయంలోనో కండలోనో స్థిరపడుతుంది. మనిషి నుంచి కాస్త రక్తం తీసి, అందులో నల్లసిరాలోని మసి రేణువులు కలిపి, ఒంటివేడిలో అరగంట ఉంచి, గాజుపలక మీద పూసి మైక్రోస్కోపు కింద పెడితే, ఒక్కో కణం ఎన్ని రేణువులు మింగిందో లెక్కపెట్టవచ్చు. ఎక్కువ మింగితే ఆ మనిషికి రోగాన్ని తట్టుకునే సత్తువ ఎక్కువని ఆనాటి మా నమ్మకం. మా పైఅధికారి, అందరం పెద్దసారు అని పిలిచే ఆయన, నన్ను కూర్చోబెట్టి విషయం చెప్పారు. "అక్కడ వానల్లేక గంజి కేంద్రాలు పెట్టారు. ఎండాకాలం చివరిదాకా నడపాలా, ఇప్పుడే మూసెయ్యాలా అని పైవాళ్ళు ఊగిసలాడుతున్నారు. ఆకలివల్ల మనిషికి రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుందని నువ్వు లెక్కతో చూపిస్తే కేంద్రాలు నిలుస్తాయి. తగ్గదని తేలితే మూతే. ఉగాది నాటికి నేను ఫైల్లో రాయాలి. నలభైమంది కావాలి, సగం మంది కడుపునిండా తినేవాళ్ళు, సగం మంది గంజికి వచ్చేవాళ్ళు. ఎవరినీ కోప్పడకు." ఇందులో ఆఖరి వాక్యం తప్ప మిగతావన్నీ నేను శ్రద్ధగా నోటుబుక్కులో రాసుకున్నాను.

విడపనకల్లు దాటి కన్నడదేశం వైపు పోయే దారిలో ఒక ఊరు అది. వీధిని అక్కడ కేరి అంటారు. ఊరికి రెండు కేరులు. పై కేరిలో ఇంకా నీళ్ళున్న బావులవాళ్ళు, కొర్రలూ జొన్నలూ గాదెల్లో మిగిలినవాళ్ళు. కింది కేరిలో కూలిచేసుకునేవాళ్ళు. పొలంలో పనిలేక, బడి పక్కన వేసిన కొట్టం కింద పొద్దున్నే ముంతలతో గంజికి వరసలో నిలబడేవాళ్ళు. నాకు కావలసిన రెండు గుంపులూ దేవుడే విడదీసి పెట్టినట్టు దొరికాయని మురిసిపోయాను. ముసాఫిరు బంగళా వరండాలో ప్రయోగశాల పెట్టాను. దాని పక్కనే పోస్టాఫీసు, అందులో ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఉన్న ఒకే ఒక్క టెలిఫోను. ఆ ఫోను చూశాక నాకు ఆ ఊరిమీద మొదటిసారి గౌరవం కలిగింది. వచ్చిన రోజే మూడు ట్రంకుకాల్స్ బుక్ చేశాను. రెండోది, ఇక్కడ ఫోను ఉంది అని చెప్పడానికి. వారం తిరక్కుండా ఊళ్ళో నా పేరు 'టెలిఫోను సారు' అయింది.

నాకు సాయంగా ఇచ్చిన అటెండరును అందరూ సాయిబు మామ అనేవారు. యాభై ఏళ్ళ మనిషి, మా కాన్వాసు మంచంలాగే ఎటు మడిచినా మడతపడే ఓర్పు. ఆయనకు నా ప్రయోగంలో దక్కిన పాత్ర ఏమిటంటే, చెప్పడానికి సిగ్గుగానే ఉంది, చంకలు. రక్తపు బుడ్లను ఒంటివేడిలో ఉంచడానికి మద్రాసు నుంచి తెచ్చిన పెట్టె లారీలోనే పగిలిపోయింది. ఆ ఎండల్లో వరండా ఒంటికన్నా వేడిగా ఉండేది. బుడ్లు బయట పెడితే కణాలు ఉడికిపోతాయి. కాబట్టి ఊళ్ళో సరైన వేడి ఉన్న చోటు మనిషి ఒళ్ళొక్కటే అని నేను తేల్చాను, ఆ ఒళ్ళు నాది కాకూడదని కూడా నేనే తేల్చాను. మామ చేతులు ముడుచుకుని, చంకల్లో రెండేసి బుడ్లతో అరగంట సేపు గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఈగ వాలితే తోలడానికి కూడా లేదు, తల మాత్రం ఆడించేవాడు.

అన్నీ సిద్ధం. రక్తం ఇచ్చేవాడే లేడు. మొదటి వారం నేను కొట్టం దగ్గర నిలబడి, "మీ మంచికేనయ్యా! ఒక్క చిన్న బుడ్డి రక్తం! చీమ కుట్టినట్టు ఉంటుంది!" అని అరిచేవాణ్ణి. నేను అరిచేకొద్దీ వరస నా నుంచి దూరంగా వంగిపోయేది. కింది కేరిలో బండలు కొట్టే మనిషి ఒకడు ఉండేవాడు, ఉలి చేతిలో లేకుండా ఎవరూ చూడలేదు గనుక ఉలన్న అనేవాళ్ళు. అతనే ధైర్యం చేసి అడిగాడు.

"రగతం తీసి, బలముండేటోల్లని మిలిట్రీకి తోల్కపోతారంట గదా సారూ?"

"ఎవడు చెప్పాడు నీకు?"

"నీ కోపం జూస్తే ఒకరు జెప్పాల్సిన పనేముండాది?"

వరసంతా నవ్వింది. గంజి పోసే ముసలావిడ కూడా గరిటె పట్టుకునే నవ్వింది. ఆమెను అందరూ గంజవ్వ అనేవాళ్ళు. పొద్దున నాలుగింటికి పొయ్యి ముట్టించి, అందరికీ పోశాక, కుండ గీకి తాను తాగేది. "ఏమప్పా మద్రాసు నాయనా, అరిస్తే రగతం వస్తాదా?" అంది. "గొడ్డుకైనా రవంత నిమిరి గదా పాలు పిండేది. నువ్వు గమ్మున కూచో. ఊరికే కూచుంటే, ఈయప్ప ఏం జేస్తాండాడో అని వాల్లే వస్తారు."

నేను గమ్మున కూర్చోలేదు. వెళ్ళి పెద్దసారుకు ట్రంకుకాల్ చేసి, ఈ ఊరి ప్రజలకు శాస్త్రీయ దృక్పథం లేదని ఫిర్యాదు చేశాను. ఆయన "కోప్పడ్డావా?" అని అడిగి పెట్టేశారు.

అవ్వ అన్నట్టే జరిగింది. రెండు రోజులకు పై కేరి నుంచి ఒక పెద్దమనిషి వరండా ఎక్కాడు. రెండు బావులమీద కపిలి తోలి, అంటే ఎడ్లచేత తోలుబాన లాగించి, నీళ్ళు తోడించేవాడు గనుక ఆయన కపిలి పెద్దన్న. ఆయన్ని వరండా ఎక్కించింది జబ్బు గురించిన ఆసక్తి కాదు, బాధ. ఆ ఊళ్ళో ప్రతి ఉగాదికీ ఎడ్లతో బండలాగుడు పందెం జరిగేది, పై కేరి జోడీకీ కింది కేరి జోడీకీ. ఆ ఏడాది ఎడ్లకు ఎముకలు లెక్కపెట్టొచ్చు, బండ సంగతి దేవుడెరుగు, తోకే ఎత్తలేకపోతున్నాయి. పందెం లేదు. ఉగాది వస్తోందంటే ఊరి మగవాళ్ళంతా ఏదో పోగొట్టుకున్నట్టు తిరుగుతున్నారు. పొద్దుపోక వచ్చిన పెద్దన్న, "నాది తియ్యి, జూస్తాం" అని చెయ్యి చాపాడు. తీశాను. మామ చంకలో పెట్టాడు. అరగంటకి నేను లెక్కపెట్టి, మైక్రోస్కోపు ఆయన వైపు తిప్పాను.

"ఇదేనా నాది? నల్లగా కడుపునిండా... ఎంత ముద్దుగా ఉండాదప్పా! ఎన్ని తినె?"

"సగటున తొమ్మిది."

"తొమ్మిదా! మా నాయన తిన్నట్ల తింటాండాది!" అని మీసం తుడుచుకుని, నేరుగా గంజి వరస దగ్గరికి పోయి, "రేయ్ ఉలోడా, నా తిండిబోతు తొమ్మిది మింగిందంట. నీది ఎన్ని మింగుతాదో పోయి జూపించుకో" అన్నాడట. ఉలన్న ఉలి కూడా కింద పెట్టకుండా పరిగెత్తుకొచ్చాడు. లెక్కపెట్టాను. ఆరు.

"ఆరేనా? సరిగ్గ ఎంచినావా సారూ? ఒగటి కింద పడింటాది, జూడు."

"పడలేదయ్యా."

అంతే. ఎడ్లు లేక ఇల్లూ వాకిలీ లేకుండా తిరుగుతున్న పందెం పిచ్చి వచ్చి నా వరండాలో కూర్చుంది. మర్నాటి నుంచి నేను అరవకుండానే జనం వచ్చారు. రక్తం కోసం కాదు, నియమాల కోసం. కేరికి ఇరవైమంది. ఉగాది ముందురోజుకల్లా అందరి లెక్కా తేలాలి. ఏ కేరి కణాలు ఎక్కువ తింటే ఆ కేరి గెలిచినట్టు. ఓడినవాళ్ళు గెలిచిన కేరి మొనగాడికి దండవేసి, భుజాలమీద ఎక్కించుకుని ఊరంతా తిప్పాలి. నలభై! నాకు కావలసిన నలభైకి నలభై! నా ప్రతిభకు నేనే ముచ్చటపడి, ఈ నియమాలన్నిటికీ తల ఊపాను. అప్పుడే ఆ పొరపాటు జరిగింది. నేను ఒక పలకమీద లెక్కపెడుతున్నాను, ముప్పై ఏడో కణం దగ్గర ఉన్నాను. చుట్టూ పదిహేనుమంది. "సారూ, అది యెప్పుడు బాగ తింటాది?" అని ఒకడు. "పొద్దున తింటాదా, మాపున తింటాదా?" అని ఇంకొకడు. "మజ్జిగ తాగొస్తే మంచిదా?" అని మూడోవాడు. లెక్క తప్పింది. నా తల పేలిపోయింది.

"ఆకలేస్తే తింటుంది! నువ్వెప్పుడు తింటావు? ఆకలేసినప్పుడేగా? అదీ అంతే! ఇక దిగండి వరండా!"

దిగారు. చాలా బుద్ధిగా, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటూ దిగారు. అంత క్రమశిక్షణ చూసి నేను, ఎంతైనా మనుషులకు కాస్త గట్టిగా చెప్పాలి అనుకున్నాను.

మూడు రోజులు ఆగి వస్తామన్నారు. వచ్చాక ఇక నాలుగు రోజులు ఆ వరండా వైభవం చెప్పలేను. మెట్ల దగ్గర తప్పెటవాడు. నేను లెక్క చెప్పగానే మామ (చంకల్లో బుడ్లతోనే, చేతులు కదపకుండా) గొంతెత్తి, "కింది కేరి, పదీ!" అని చాటేవాడు, తప్పెట మోగేది. ఆ చంకలమీద పెద్ద తగవు కూడా వచ్చింది. కింది కేరి బుడ్లన్నీ కుడిచంకలో పెడుతున్నాడని, కుడిచెయ్యి పనిచేసే చెయ్యి గనుక అటువైపు వేడి మంచిదని కపిలి పెద్దన్న అభ్యంతరం. సగం సేపు కుడి, సగం సేపు ఎడమ మార్చాలని తీర్పు ఇచ్చారు. "నేను మనిషినా, పొయ్యినా?" అని మామ మొదటిసారి గొంతు పెంచాడు. ఆయన్ని సముదాయించడానికి రెండు కేరులవాళ్ళూ చెరో పక్క విసనకర్రతో విసిరారు. (విసిరితే వేడి తగ్గుతుందని నేను మళ్ళీ అరిచాను.)

పై కేరివాళ్ళు కాస్త నీరసంగా ఉన్నట్టు, కింది కేరివాళ్ళు కాస్త నునుపుదేలినట్టు నాకు కనపడలేదా అంటే, నాకు ఆ నాలుగు రోజులూ కణాలు తప్ప మనుషులు కనపడలేదు. ఉగాది ముందురోజు పొద్దున లెక్క పూర్తయింది. పై కేరి సగటు ఐదు. కింది కేరి సగటు పదకొండు. నేను మూడుసార్లు కూడాను. ఆకలిగా ఉన్నవాళ్ళ కణాలే రెట్టింపు తింటున్నాయి! ప్రపంచంలో ఇప్పటిదాకా ఎవరూ చెప్పని మాట! పుస్తకాల్లో నా ఫొటో ఏ పక్కనుంచి బాగుంటుందో కూడా ఆలోచించుకుంటూ పోస్టాఫీసుకు పరిగెత్తి ట్రంకుకాల్ బుక్ చేశాను. లైను కలవగానే, కిటికీ బయట ఊరంతా వింటుండగా, రిసీవరు చెవిలో పెట్టుకుని గంతులేస్తూ అరిచాను.

"సార్! ఆకలివాళ్ళే గెలిచారు సార్! తిండి లేనివాళ్ళ శక్తే ఎక్కువ! రెట్టింపు!"

పెద్దసారు నాచేత రెండు అంకెలూ మళ్ళీ చెప్పించుకున్నారు. "నిజమేనా? ఇలా రాస్తే కేంద్రాలు మూసేస్తారు, తెలుసుగా? నాలుగింటికి ఫైలు పోవాలి."

"నూటికి నూరు పాళ్ళు నిజం సార్!"

"సరే. శభాష్" అన్నారు, సంతోషం లేని గొంతుతో. నాకు గొంతు వినపడలేదు, మాటే వినపడింది. ఆయన నోట నేను విన్న మొదటి శభాష్ అది.

బయటికి రాగానే తప్పెట హోరెత్తింది. ఓడినవాళ్ళు వచ్చి ఎత్తుకునేదాకా ఆగలేక కింది కేరివాళ్ళే ఉలన్నను భుజాలమీదికి ఎత్తేశారు. కపిలి పెద్దన్న మాత్రం కర్ర ఊతగా పట్టుకుని, పెదాలు ఎండిపోయి, నా దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇది అన్యాయం సారూ. ఆకలోల్లు గెలిచినారంటివి. ఆకలోల్లంటే మేము గదా!"

"మీరెలా అవుతారు? మీరు కడుపునిండా తినేవాళ్ళు."

"యాడ తిన్యాం? రగతం ఇచ్చే ముందు రెండ్రెండు దినాలు పచ్చి నీళ్ళు తప్ప ముట్టలేదు, మా కేరి ఇరవైమందిమీ. మా ఇంట్లో కూడొండుతాంటే నేను చెవులు మూసుకోని గొడ్లకొట్టంలో పండుకుంటి. ఆకలేస్తేనే తింటాదని నువ్వే గదా జెప్పినావు?"

నా కాళ్ళ కింద అనంతపురం జిల్లా మెల్లిగా కదిలింది. "మరి వాళ్ళు?" అన్నాను, ఉలన్న వైపు తిరిగి.

భుజాలమీద ఉన్న ఉలన్న ఒక మంచి తేన్పు తేన్చాడు. "నేను తిన్యా సారూ. దాచేదేముండాది? ఏడు దినాల్నించి మా ఇరవైమందికీ అవ్వ వేరేగా పెడతాండాది. కేరిలో ఇంటికి పిడికెడు పిండి, దోసెడు శెనక్కాయలు తెచ్చినారు. పొద్దున సంగటి, మాపున సంగటి. పెండ్లిలో గూడా నేనంత తినలేదు."

"ఆకలితో గెలిచేదుంటే మా కేరి పోయిన ఏడే గెలిచుండాల గదప్పా," అంది గంజవ్వ, తేలిగ్గా. "ఆకలి మాకు కొత్తనా? దాంతో ఏమీ గెలవలేదని నాకు తెల్సు. అందుకని నేను నీ మాటకి యెదురు పోయినా."

ఒక్క ముసలావిడకు తెలిసిన సంగతి తెలుసుకోవడానికి గవర్నమెంటు నన్ను మద్రాసు నుంచి పంపింది. నేను దాన్ని తలకిందులుగా తెలుసుకుని, ఫోనులో అరిచి వచ్చాను. పోస్టుమాస్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, "అంటే సార్, ఇప్పుడు మద్రాసులో ఎవరు ఆకలివాళ్ళు అనుకుంటున్నట్టు సార్?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. నేను మెట్లమీద కూలబడి, అందరికీ అంతా చెప్పేశాను. ఈ లెక్క ఎందుకో, ఫైలు ఏమిటో, నాలుగింటికి ఏం జరుగుతుందో. తప్పెట ఆగిపోయింది. ఉలన్నను మెల్లగా కిందికి దించారు.

"గెల్చినందుకు గంజి మూస్తారా?" అంది అవ్వ. కోపంగా కూడా కాదు. పందెంలో ఇలాంటి నియమం ఉన్నట్టు ముందు చెప్పలేదే అన్నట్టు.

ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. నేను వెంటనే లేవలేదు. ఒక నిమిషం పాటు, మీరెవరూ నన్ను చూడలేదనే ధైర్యంతో చెప్తున్నాను, ఆ శభాష్‌ను వెనక్కి ఇవ్వడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. తర్వాత అవ్వ చేతిలో గరిటె చూశాను. అది పట్టుకునే వచ్చింది, ఎందుకో. లేచి పోస్టాఫీసులోకి వెళ్ళి, అర్జెంటు కాల్ అన్నాను. ఒంటిగంటకు బుక్ చేస్తే లైను మూడుంబావుకు కలిసింది. ఆ రెండుంబావు గంటలూ నేను రిసీవరు వదల్లేదు. ఊరు కిటికీ వదల్లేదు.

కలిసిందేగాని, మద్రాసుకూ మాకూ మధ్య ఎక్కడో గాలి లేచింది కాబోలు, లైనులో పెద్దసారు గొంతు బావిలోంచి వస్తోంది. నేను అరుస్తున్నాను, "సార్, తప్పు! అంతా తలకిందులు! నేను గాడిదని సార్!" ఆయన "ఏమిటీ? ఎవరు?" అంటున్నారు. మళ్ళీ అరిచాను. గొంతు పోయింది. జీవితమంతా దేనికి పడితే దానికి అరిచి, అరవాల్సిన ఒక్కరోజున గొంతు లేకుండా పోయింది. అప్పుడు సాయిబు మామ నా చేతిలోంచి రిసీవరు తీసుకుని, కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు. "అరే, అందరూ ఒక్కపారి చెప్పండప్పా! ఏం చెప్పాల్నో తెల్సుగదా?"

అవ్వ చెయ్యెత్తింది. ఊరు ఒక్కసారిగా అరిచింది.

"తిన్నోల్లే గెల్చినారు! పస్తుండినోల్లు ఓడినారు!"

పెద్దన్న ఒక్కడే నోరు విప్పలేదు. "ఓడినామని నేనే అరవాల్నా?" అని గొణిగాడు. అవ్వ ఆయన వైపు చూసి, "గంజి కోసరం అరువు పెద్దన్నా. వచ్చే యేటికి ఎడ్లతో గెలుద్దువులే," అంది. ఆయన కర్ర పక్కన పడేసి, రెండు రోజుల పస్తుమీద ఎక్కడినుంచి తెచ్చుకున్నాడో ఆ గొంతు, "ఓడినామూ! పై కేరి ఓడిపాయా! తినకుంటే ఓడిపోతారూ!" అని అరిచాడు. పోస్టాఫీసు పెంకుల్లోంచి పావురాలు లేచాయి. ట్రంకు లైనుతో పని లేకుండానే ఆ కేక మద్రాసు చేరి ఉంటుందని నా నమ్మకం.

మామ రిసీవరు తెచ్చి నా చెవికి ఆనించాడు. తర్వాత పెద్దసారు, "అర్థమైంది. నీతో ఉండి ఆ ఊళ్ళో ఎవరూ మామూలుగా మాట్లాడటం లేదనీ అర్థమైంది" అన్నారు. మామ మళ్ళీ రిసీవరు అందుకుని చెప్పినది విని, కాసేపు నవ్వి, ఫైలు ఆపుతానని ఆయనతోనే అన్నారు. "అందరూ మామూలుగా తినే వారం ఒకటి చూసి మళ్ళీ చెయ్యమను. బుడ్లమీద పేర్లు వద్దు. అంకె ఎవరికీ చెప్పొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, వాణ్ణి నోరు విప్పొద్దను." నోరు విప్పడానికి నాకు పదిరోజుల దాకా గొంతే రాలేదు. నా ఉద్యోగ జీవితంలో అంత శుభ్రమైన ప్రయోగం నేను మళ్ళీ చెయ్యలేదు. మొదటి రోజు తొమ్మిదీ ఆరూ ఎలా వచ్చాయో దాదాపు అలాగే వచ్చాయి, తిన్నవాళ్ళవి ఎక్కువ, లేనివాళ్ళవి తక్కువ. (రెండు రోజుల పస్తుకూ ఏడు రోజుల సంగటికీ అంతంత తేడా వస్తుందా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే, సగం తేడా మామ చంకలదేమో అని ఒప్పుకుంటాను.) వానలు పడేదాకా గంజి కొట్టం నడిచింది. మా లెక్కవల్ల నడిచిందో, ఆపిన ఫైలును పైవాళ్ళు ఆపినచోటే మరిచిపోవడంవల్ల నడిచిందో, నేను అడగలేదు.

నేను సామాను సర్దుకుంటున్న రోజు అవ్వ వరండా ఎక్కింది. అన్ని రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా ఎక్కలేదు. "అందరివీ జూస్తివి. నాది కూడా జూడు నాయనా," అని చెయ్యి చాపింది. వేలంత చెయ్యి. రక్తం తీయడానికి నరం వెతకాల్సి వచ్చింది. మామ బుడ్డిని చంకలో పెట్టుకుని, ఎన్నడూ లేనిది, కళ్ళు మూసుకున్నాడు. పలక కింద చూశాను. మూడు. ఒక్కోదాంట్లో మూడు, కొన్నిట్లో రెండు. రెండోసారి చూశాను. ఏడు రోజులు ఇరవైమందికి వేరేగా పెట్టినప్పుడు ఆ కుండ అడుగున ఆమెకు ఏం మిగిలిందో, నేను అడగనూలేదు, ఎవరూ నాకు చెప్పనూలేదు. మెట్ల కింద కింది కేరి అంతా తలలెత్తి నిలబడి ఉంది. తప్పెటవాడు కర్ర ఎత్తి ఉన్నాడు.

"ఎంత?" అంది అవ్వ.

"పద్నాలుగు," అన్నాను.

తప్పెట మోగింది. అవ్వ కాసేపు ఆ అంకెను నోట్లో పెట్టుకుని రుచి చూసినట్టు చూసి, "అంతేనా? పదైదు కాలేదా?" అంది. మళ్ళీ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "పోనీలే, నీకు యెంచేది సరిగ్గ రాదని ఊరంతా అనుకుంటాండారు" అని దిగి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం మామ తన రొట్టెల మూట విప్పి, నాకు చెప్పకుండా, కొట్టం వైపు వెళ్ళడం చూశాను. నేను నా డబ్బాలో మిగిలిన బిస్కెట్లు పట్టుకుని వెనకాలే వెళ్ళాను.

ఆ తర్వాత ముప్పైయేళ్ళకు పైగా మాక్రోఫేజ్‌లతోనే కాపురం చేశాను. కోపం కోటుతోపాటే వెలిసిపోయింది. ఒకసారి నా విద్యార్థి ఒకడు తనకు నచ్చని అంకెను కాస్త దిద్దాడు. వాణ్ణి నిలబెట్టి, అంకె అబద్ధమాడితే సైన్సు లేదని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. పాపం వాడు తలవంచుకుని అంతా విని, "మీరెప్పుడూ ఒక్క అంకె కూడా మార్చలేదా సార్?" అని అడిగాడు. నోటుబుక్కుల్లో ఎక్కడా మార్చలేదు, మీరు వెతుక్కోవచ్చు, అవ్వ పేరు ఎదురుగా ఖాళీయే ఉంటుంది. వాడికి ఏదో సమాధానం చెప్పి పంపించేసి, ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. ఇరవై మూడేళ్ళ ఆ కోపిష్టివాడు చేసిన తప్పులన్నిట్లో, ఈ వయసులో కూడా నేను దిద్దాలనుకోనిది అదొక్కటే.